ఒక్క గదిలో ఒద్దిక

సంక్రాంతి ఇంకా పది రోజులు ఉంది. పిల్లలు గారెలు కావాలని గోల చేస్తున్నారు. వదిన అటక మీది డబ్బా కిందికి దించింది. మూత తీసింది. చూసి అక్కడే కూలబడింది.

డబ్బాలో మినుముల పొట్టు ఉంది. పిండి ఉంది. గింజ గింజకూ బెజ్జం ఉంది. పురుగులు పాకుతున్నాయి.

పక్కింటి మరదలు వచ్చి చూసింది.

“ఎప్పుడు కొన్నావు వదినా?”

“పోయిన మార్చిలో కొన్నానే. పంట మీద చవగ్గా వచ్చాయని 5 కిలోలు తెచ్చాను.”

“ఎండబెట్టావా?”

“ఎక్కడ ఎండబెట్టను? ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. తెచ్చినవి తెచ్చినట్టే డబ్బాలో పోశాను. అడుగున పాతవి నాలుగు గుప్పిళ్లు ఉన్నాయి. వాటి మీదే పోసేశాను.”

ఆ మినుముల కోసం వదిన రెండు రోజులు కలుపు తీసింది. ఆ రెండు రోజుల కూలీ పురుగుల పాలయింది. మళ్లీ కొనాలంటే పండగ ముందు ధర. చేతిలో డబ్బు లేదు.

ఇది ఒక్క వదిన కథేనా? మన ఇళ్లలో ఎన్నిసార్లు జరగలేదు! బియ్యం పురుగు పట్టడం, చింతపండు నల్లబడడం, ఉల్లిపాయలు కుళ్లడం మనకు తెలిసినవే. కష్టపడి సంపాదిస్తాం. నోరు కట్టుకుని కూడబెడతాం. కానీ దాచుకోవడంలో పోగొట్టుకుంటాం.

ఒక లెక్క వేద్దాం. ఒక ఇంట్లో నెలకు 20 కిలోల బియ్యం వాడతారు అనుకుందాం. పురుగుకు, ఎలుకకు, తడికి నెలకు ఒక కిలో పోయిందనుకుందాం. ఏడాదికి ఎంత? 12 కిలోలు. అంటే పదిహేను రోజుల తిండికి పైనే.

దాచుకోవడం కూడా సంపాదనే. మరి చిన్న ఇంట్లో, తక్కువ ఖర్చుతో ఎలా దాచుకోవాలి? తెలుసుకుందాం.

ఇల్లు నిజంగా ఇరుకా?

“ఇల్లు ఇరకాటం, ఆలి మర్కటం” అని ఒక సామెత ఉంది. ఆ సామెత కట్టినవాడు ఇరుకింట్లో నాలుగు రోజులు వంట చేసి ఉండడు. చేసి ఉంటే ఇంటినీ ఇల్లాలినీ కలిపి తిట్టేవాడు కాదు.

మన గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉందనుకుందాం. నేల 120 చదరపు అడుగులు. గోడలు 8 అడుగుల ఎత్తు. నాలుగు గోడలూ కలిపితే ఎంత వస్తుంది? 352 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేసినా 300 పైన ఉంటుంది.

అంటే నేల కంటే గోడ రెండు రెట్ల పైన ఉంది. మనం మాత్రం అన్నీ నేల మీదే పెడతాం. అందుకే ఇల్లు ఇరుకు అవుతుంది.

ఈ సంగతి మన అమ్మమ్మలకు తెలుసు. పాత ఇళ్లు చూడండి. దీపానికి, అగ్గిపెట్టెకు గోడలో గూడు ఉండేది. బట్టలకు దండెం ఉండేది. సంచులు తగిలించడానికి చిలక్కొయ్య ఉండేది. పాలకు, పెరుగుకు ఉట్టి ఉండేది. పప్పులకు, ఉప్పుకు కుండల దొంతి ఉండేది. పెద్ద కుండ కింద, చిన్న కుండ పైన, ఒకదాని మీద ఒకటి. అయిదు కుండలు ఒక కుండ చోటులో ఇమిడిపోయేవి. వాన కాలానికి కావలసిన పిడకలు, చిదుగులు అటక మీద ఉండేవి.

ఇవన్నీ ఇప్పుడు సిమెంటు ఇళ్లలో లేవు. కానీ ఆ తెలివి మనదే. దాన్ని మళ్లీ వాడుకుందాం.

గోడను వాడుకుందాం

ముందుగా ఒక పని చెయ్యండి. ఒక ఆదివారం పూట ఇంట్లోని సామాను అంతా బయట పెట్టండి. మూడు కుప్పలు చెయ్యండి. రోజూ వాడేవి ఒక కుప్ప. ఎప్పుడో ఒకసారి వాడేవి ఒక కుప్ప. అసలు వాడనివి ఒక కుప్ప. పగిలిన బకెట్లు, మూతలేని డబ్బాలు, తెగిన చెప్పులు మూడో కుప్పలోకి వస్తాయి. వాటిని పాత సామాన్లవాడికి వేసెయ్యండి. చాలా ఇళ్లలో సగం ఇరుకు అక్కడే తీరిపోతుంది.

ఇక మిగిలినవి సర్దుదాం.

రోజూ వాడేవి చేతికి అందే ఎత్తులో ఉండాలి. బరువైనవి కింద ఉండాలి. తేలికైనవి, ఎప్పుడో వాడేవి పైన ఉండాలి. బిందెలు, రోలు, నిండిన డబ్బాలు అటక మీద పెట్టొద్దు. దించేటప్పుడు చెయ్యి జారితే ప్రమాదం. పిల్లలు పడుకునే చోట తల మీద ఏ బరువూ ఉండకూడదు.

మంచం నాలుగు కోళ్ల కింద ఇటుకలు పెట్టండి. మంచం ఎత్తు పెరుగుతుంది. కింద ట్రంకుపెట్టె పడుతుంది. ఇటుకలు కదలకుండా ఉన్నాయో లేదో చూసుకోండి.

బొంతలు, దుప్పట్లు ఎక్కడ పెట్టాలి? పాత చీరతో పొడుగాటి గలీబు కుట్టండి. బొంతలు చుట్టి అందులో దూర్చండి. మూతి కట్టెయ్యండి. పగలు అది ఆనుకునే దిండు అవుతుంది. రాత్రి విప్పితే బొంత అవుతుంది. మధ్యలో గుప్పెడు ఎండిన వేపాకు వేస్తే పురుగు పట్టదు.

జేబుల తెర చేసుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు. గట్టి గోనెపట్టా గానీ, పాత జంపఖానా గానీ తీసుకోండి. దాని మీద పాత బట్టతో వరసగా జేబులు కుట్టండి. పైన ఒక కర్ర దూర్చండి. తలుపు వెనక మేకులకు తగిలించండి. దువ్వెనలు, సూదీదారం, మందులు, పిల్లల పలకా బలపం, కరెంటు బిల్లు, అన్నిటికీ చోటు దొరుకుతుంది. మందులు మాత్రం అన్నిటికంటే పై జేబులో, పిల్లలకు అందనంత ఎత్తులో ఉండాలి.

పొయ్యి మీద గోడకు బల్ల కొట్టొద్దు. అక్కడ వేడి ఉంటుంది, ఆవిరి ఉంటుంది. కారం రంగు పోతుంది. నూనె కంపు కొడుతుంది. ఉప్పు నీరు కారుతుంది. సరుకుల బల్ల పొయ్యికి దూరంగా ఉండాలి.

పురుగు ఎక్కడి నుంచి వస్తుంది?

“నేను డబ్బా మూత గట్టిగా పెట్టాను. అయినా పురుగు ఎలా వచ్చింది?” అని వదిన అడిగింది. మంచి ప్రశ్న.

పురుగు గాలిలోంచి పుట్టదు. గుడ్డులోంచి పుడుతుంది. మినుములు, పెసలు, కందులు, శనగలు తినే పురుగును పెంకు పురుగు అంటారు. అది గింజ మీద గుడ్డు పెడుతుంది. చేలో కాయ మీద కూడా పెడుతుంది. తేరిపార చూస్తే గింజ మీద తెల్లటి చుక్క కనిపిస్తుంది. అదే గుడ్డు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల గింజను తొలుచుకుని లోపలికి పోతుంది. లోపల పప్పు అంతా తింటుంది. పెద్దదై బెజ్జం చేసుకుని బయటికి వస్తుంది. బయటికి వచ్చిన పురుగు తిండి తినదు. మళ్లీ గుడ్లు పెడుతుంది. వేడి కాలంలో ఇదంతా నెల రోజుల్లో అయిపోతుంది.

అంటే బెజ్జం కనిపించిందంటే లోపల తినడం అయిపోయిందన్నమాట. పురుగు కనిపించాక ఎండలో పోస్తే సగం నష్టం జరిగిపోయినట్టే. ముందే జాగ్రత్త పడాలి.

బియ్యంలో వచ్చేది ముక్కు పురుగు. దానికి ముందు ముక్కులాంటి తొండం ఉంటుంది. అది గింజకు చిన్న రంధ్రం చేసి లోపల గుడ్డు పెడుతుంది. పైన పూత పూసి మూసేస్తుంది. మన కంటికి గింజ బాగానే కనిపిస్తుంది.

ఇప్పుడు వదిన చేసిన రెండు పొరపాట్లు తెలిశాయి కదా! ఒకటి, ఎండబెట్టకుండా పోసింది. గింజలతో గుడ్లు కూడా డబ్బాలోకి వెళ్లాయి. రెండు, పాత మినుముల మీద కొత్తవి పోసింది. పాతవాటిలోని పురుగు కొత్తవాటికి పాకింది.

గింజలు దాచే పద్ధతి

పప్పు గింజలు తెచ్చిన వెంటనే బాగుచేసి ఎండబెట్టాలి. మండుటెండలో పల్చగా పరచాలి. రెండు మూడు రోజులు ఎండాలి. ఎండిందో లేదో ఎలా తెలుస్తుంది? గింజను పంటి కింద పెట్టి కొరకండి. టక్ మని విరిగితే ఎండినట్టు. మెత్తగా నలిగితే ఇంకా తడి ఉన్నట్టు.

ఎండిన గింజలను వేడి మీద డబ్బాలో పోయొద్దు. నీడలో చల్లారనివ్వాలి. వేడిగా పోస్తే మూతకు లోపల చెమ్మ పడుతుంది. ఆ చెమ్మకు బూజు వస్తుంది.

ఇంటి ముందు చోటు లేదా? ఎండకు అందరి వాకిళ్లూ కలిపి వాడుకోవచ్చు. నలుగురు కలిసి ఒక డాబా అడిగితే ఎవరూ కాదనరు.

డబ్బా కడిగి, ఎండలో పెట్టి, బాగా ఆరాక గింజలు పోయాలి. నిండా పోయాలి. సగం డబ్బాలో గాలి ఎక్కువ ఉంటుంది. గాలి ఉంటే పురుగు బతుకుతుంది. నిండా పోసి మూత బిగిస్తే లోపల ఉన్న కాస్త గాలినీ పురుగులే వాడేసుకుంటాయి. తర్వాత ఊపిరాడక చస్తాయి. పూర్వం పాతర వేసి మట్టితో మూసేవారు. కుండ మూతికి మట్టి మెత్తేవారు. అందులో ఉన్న కిటుకు ఇదే. అందుకే పెద్ద డబ్బా ఒకటి కంటే చిన్న డబ్బాలు మూడు మేలు. ఒకటి వాడుతుంటే మిగిలిన రెండూ మూసే ఉంటాయి.

ఇంకా కొన్ని పద్ధతులు ఉన్నాయి. మీకు ఏది వీలైతే అది చెయ్యండి.

నూనె పట్టించడం: కిలో గింజలకు ఒక చెంచా ఆముదం గానీ, వంట నూనె గానీ పోసి, గింజ గింజకూ అంటేలా కలపాలి. నూనె గుడ్డును కప్పేస్తుంది. గుడ్డుకు ఊపిరాడదు. అది పిల్ల కాదు. మన పెద్దవాళ్లు కందిపప్పుకు ఆముదం రాసేది ఇందుకే.

వేపాకు వెయ్యడం: వేపాకు నీడలో ఎండబెట్టాలి. గలగలమనాలి. డబ్బా అడుగున ఒక పొర, మధ్యలో ఒక పొర, పైన ఒక పొర వెయ్యాలి. పచ్చి ఆకు వెయ్యొద్దు. అందులోని తడి గింజకు పడుతుంది. వావిలాకు కూడా ఇలాగే వాడతారు.

ఇసుక పొయ్యడం: కుండలో గింజలు పోసి, పైన మూడు వేళ్ల మందాన పొడి ఇసుక పొయ్యాలి. పురుగు ఇసుకను దాటి కిందికి పోలేదు. లోపల ఉన్నది పైకి రాలేదు. వాడుకునేటప్పుడు ఇసుక జల్లెడ పట్టుకోవాలి.

పప్పు చెయ్యడం: పెంకు పురుగు ముడి గింజనే ఎక్కువగా పాడు చేస్తుంది. విసిరి పప్పు చేస్తే దాని బెడద తగ్గుతుంది. విత్తనానికి కావలసినవి ఉంచుకుని మిగిలినవి పప్పు చేసుకోవడం మంచిది.

బియ్యం సంగతి వేరు. బియ్యాన్ని మండుటెండలో పోస్తే గింజ విరిగి నూక అవుతుంది. లేత ఎండలో గానీ, నీడలో గాలికి గానీ ఆరబెట్టాలి. పదిహేను రోజులకు ఒకసారి చేటతో చెరగాలి. బియ్యం బస్తా నేల మీద పెట్టొద్దు. కింద చెక్క గానీ, ఇటుకలు గానీ ఉండాలి. గోడకు జానెడు ఎడం ఉండాలి. నేల చెమ్మ, గోడ చెమ్మ బస్తాకు పాకుతుంది.

చాలా మంది బియ్యంలో బోరిక్ పొడి కలుపుతారు. అది తినే వస్తువు కాదు. కడిగినా కొంత మిగిలే అవకాశం ఉంది. వేపాకు ఉండగా ఆ పొడి మనకెందుకు?

బూజును తేలిగ్గా చూడొద్దు

పురుగు పట్టిన గింజ కంటికి తెలుస్తుంది. బూజు పట్టిన గింజ ప్రాణం తీస్తుంది. ఇది నిజంగా జరిగిన సంగతి.

1974లో గుజరాత్, రాజస్థాన్ రాష్ట్రాల్లో కొన్ని గిరిజన పల్లెల్లో మొక్కజొన్న పంట వానకు తడిసింది. పేదవాళ్లు. ఉన్నదే ఆ గింజ. తడి ఆరకుండానే ఇళ్లలో దాచుకున్నారు. బూజు పట్టింది. వేరే తిండి లేక దాన్నే తిన్నారు. కళ్లు పచ్చబడ్డాయి. పొట్టలు ఉబ్బాయి. వంద మందికి పైగా చనిపోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు వెళ్లి పరీక్ష చేశారు. బూజులో పుట్టిన విషమే కారణమని తేల్చారు. ఆ విషం పేరు అఫ్లటాక్సిన్. అది కాలేయాన్ని పాడు చేస్తుంది.

ఈ విషం వేరుశనగలో, మొక్కజొన్నలో ఎక్కువగా వస్తుంది. ఉడకబెట్టినా, వేయించినా పూర్తిగా పోదు. కాబట్టి వేరుశనగ కాయ బాగా ఎండాకే దాచాలి. ముడుచుకుపోయిన పలుకులు, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరి పారెయ్యాలి. చేదుగా ఉన్న పలుకు నోట్లోకి వస్తే ఉమ్మెయ్యాలి. “పారెయ్యడం ఎందుకు, బర్రెకు పెడదాం” అనుకోవద్దు. బర్రెకు కూడా అది విషమే. పాలలోకి కూడా వస్తుంది.

పొదుపు అంటే చెడిపోయింది తినడం కాదు. చెడిపోకుండా చూసుకోవడం.

వంటింటి సరుకులు

ఉప్పు: అయొడిన్ ఉప్పు మూత ఉన్న డబ్బాలో ఉంచాలి. తెరిచి ఉంచితే, చెమ్మ తగిలితే అయొడిన్ తగ్గిపోతుంది. తడి చెయ్యి పెట్టొద్దు.

చింతపండు, పచ్చళ్లు: జాడీలో గానీ, గాజు సీసాలో గానీ, మట్టి కుండలో గానీ పెట్టాలి. అల్యూమినియం, రాగి గిన్నెల్లో పెట్టొద్దు. పులుపు లోహాన్ని తింటుంది. ఆ లోహం మన కడుపులోకి వస్తుంది. పచ్చడికి పొడి గరిటె వాడాలి. ముక్క మీద నూనె తేలుతూ ఉండాలి.

ఉల్లిపాయలు, ఆలుగడ్డలు: రెండూ ఒకే బుట్టలో పెట్టొద్దు. రెండూ త్వరగా పాడవుతాయి. ఉల్లిపాయలకు గాలి కావాలి. వల సంచిలో పోసి వేలాడదీయండి. ఆలుగడ్డలకు చీకటి కావాలి. వెలుగు తగిలితే పచ్చబడతాయి. పచ్చబడింది తినకూడదు.

కూరగాయలు: ఫ్రిజ్ లేకపోయినా రెండు మూడు రోజులు నిలవ ఉంచుకోవచ్చు. ఒక పెద్ద కుండ, ఒక చిన్న కుండ తీసుకోండి. పెద్దదానిలో ఇసుక పోసి చిన్నదాన్ని పెట్టండి. రెండిటి మధ్యా ఇసుక నింపండి. పొద్దున, సాయంత్రం ఇసుక తడపండి. చిన్న కుండలో కూరగాయలు పెట్టి తడి గుడ్డ కప్పండి. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుపోతుంది. లోపల చల్లగా ఉంటుంది. కుండలో నీళ్లు చల్లబడేదీ ఇందుకే. కుండను గాలి తగిలే నీడలో పెట్టాలి. వాన కాలంలో గాలిలోనే తడి ఉంటుంది కాబట్టి ఇది అంతగా పనిచెయ్యదు.

ఎలుకలు, చీమలు: ఉట్టి తాడుకు మధ్యలో బోర్లించిన కొబ్బరి చిప్ప గానీ, గుండ్రటి రేకు గానీ కట్టండి. ఎలుక దాన్ని దాటి దిగలేదు. ఎలుక తినేది కొంచెం. పాడు చేసేది ఎక్కువ. దాని మూత్రం వల్ల ఎలుక జ్వరం వస్తుంది. బల్ల కాళ్లు నీళ్ల పళ్లేల్లో పెడితే చీమలు ఎక్కవు. కానీ ఆ నీళ్లు వారానికి ఒకసారి తప్పకుండా పారబొయ్యాలి. లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

నీళ్లు, గ్యాసు

తాగే నీళ్ల బిందె ఎత్తు మీద ఉండాలి. మూత ఉండాలి. చెయ్యి ముంచకుండా పొడుగు కాడ గరిటెతో తియ్యాలి. వాడుకునే నీళ్ల డ్రమ్ముకు కూడా మూత పెట్టాలి. వారానికి ఒక రోజు డ్రమ్ము ఖాళీ చేసి, లోపల గోడలు రుద్ది, ఆరబెట్టాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. వారం లోపలే దాని పని పట్టాలి.

గ్యాసు సిలిండరు నిలబెట్టే ఉంచాలి. పడుకోబెట్టొద్దు. పొయ్యి సిలిండరు కంటే ఎత్తులో ఉండాలి. వంట గ్యాసు గాలి కంటే బరువు. కారితే నేల మీదికి దిగి గుంటల్లో నిలుస్తుంది. అందుకే సిలిండరును గుంటలో గానీ, గాలి ఆడని పెట్టెలో గానీ పెట్టొద్దు. చోటు కలిసివస్తుందని దాని చుట్టూ బట్టలు, కాగితాలు కుక్కొద్దు. వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకుండా తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చెయ్యాలి.

ఇంట్లో ఉండకూడనివి

చిన్న ఇంట్లో పెద్ద ప్రమాదం ఒకటి ఉంది. తినేవీ, తినకూడనివీ ఒకే బల్ల మీద ఉంటాయి.

పురుగుమందు, ఎలుకల మందు, యాసిడ్, ఫినాయిలు, కిరసనాయిలు. వీటిని కూల్‌డ్రింకు సీసాల్లో, మంచినీళ్ల సీసాల్లో పొయ్యొద్దు. పసిపిల్లకు సీసా తెలుసు గానీ లోపల ఏముందో తెలియదు. దాహం వేస్తే ఎత్తి తాగేస్తుంది. పొడి మందు పొట్లం కట్టి పిండి డబ్బాల పక్కన పెట్టొద్దు. చీకట్లో చెయ్యి పొరపడుతుంది.

పురుగుమందు డబ్బా ఎన్నిసార్లు కడిగినా విషం పోదు. అందులో నీళ్లు గానీ, నూనె గానీ, గింజలు గానీ పొయ్యొద్దు. “గట్టి డబ్బా, పారెయ్యడం ఎందుకు” అని దాచొద్దు. బెజ్జాలు కొట్టి, ఎవరూ వాడకుండా చెయ్యాలి.

ధాన్యంలో వేసే గ్యాసు బిళ్లలు కొన్నిచోట్ల కొట్లలో దొరుకుతున్నాయి. గోదాములకు వాడే బిళ్లలు అవి. మనుషులు పడుకునే ఇంట్లో అసలు వాడకూడదు. తేమ తగలగానే వాటిలోంచి విష వాయువు వస్తుంది. ఒక్క గది ఇంట్లో రాత్రి పడుకున్నవాళ్లు పొద్దున లేవకపోవచ్చు.

ఎవరైనా పొరపాటున కిరసనాయిలు, యాసిడ్ తాగితే కక్కించొద్దు. కక్కిస్తే ఇంకా హాని. వెంటనే 108కి ఫోను చెయ్యాలి. తాగిన సీసా కూడా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. డాక్టరుకు ఏ మందో తెలుస్తుంది.

మీ చేతి రాత

ఇప్పుడు మీకు చదువు వచ్చింది. దాన్ని ఇంట్లోనే వాడండి.

కాగితం ముక్కలు కత్తిరించండి. ఒక్కో దాని మీద సరుకు పేరు రాయండి. ఎంత ఉందో రాయండి. తెచ్చిన తేదీ రాయండి. అన్నం మెతుకుతో గానీ, జిగురుతో గానీ డబ్బాకు అతికించండి. ఇలా ఉండాలి:

మినుములు
5 కిలోలు
మార్చి 10

ఇక ఏ డబ్బాలో ఏముందో అందరికీ తెలుస్తుంది. కోడలికి తెలుస్తుంది. మొగుడికీ తెలుస్తుంది. “ఉప్పు ఎక్కడుంది” అని పొలంలో ఉన్న మిమ్మల్ని అడగక్కర్లేదు. పాతది ముందు, కొత్తది తర్వాత వాడుకోవచ్చు. విషం ఉన్న సీసా మీద “విషం” అని ఎర్ర రంగుతో రాయండి. చదువు రానివాళ్ల కోసం పుర్రె బొమ్మ కూడా వెయ్యండి.

ఒక నోటు పుస్తకం పెట్టండి. నెలకు ఏ సరుకు ఎంత అయిందో రాయండి. మూడు నెలలు రాస్తే ఏడాదికి ఎంత కావాలో తెలిసిపోతుంది. అప్పుడు పంట మీద, ధర తక్కువ ఉన్నప్పుడు కొనవచ్చు. ఒక్కరే బస్తా కొనలేకపోతే సంఘంలో పది మంది కలిసి కొని పంచుకోవచ్చు. 1990లలో నెల్లూరు జిల్లాలో మన అక్కలు రోజుకు ఒక్క రూపాయి పొదుపుతోనే సంఘాలు కట్టారు. చిన్న మొత్తమే. పది మంది చేతులు కలిస్తే పెద్దదయింది.

కాగితాల సంగతి మరిచిపోవద్దు. రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకం, పొలం పాసు పుస్తకం, పిల్లల పుట్టిన తేదీ కాగితాలు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టండి. దాని మూతి మడిచి, ఇంకో కవరులో పెట్టండి. ఎత్తైన చోట, అందరికీ తెలిసిన చోట ఉంచండి. వాటి నంబర్లు నోటు పుస్తకంలో రాసుకోండి. ఒక జిరాక్సు సెట్టు పుట్టింట్లో గానీ, నమ్మకమైన వాళ్ల దగ్గర గానీ ఉంచండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో ఇళ్లు మునిగాయి. వరద వచ్చాక వెతుక్కునే తీరిక ఉండదు. కవరు ఒక్కటి చేతపట్టుకుని బయటపడేలా ఉండాలి.

మళ్లీ వదిన ఇంటికి

ఆ సంక్రాంతికి మరదలు తన ఇంట్లోంచి ఒక మానెడు మినుములు తెచ్చి వదినకు ఇచ్చింది. గారెలు అయ్యాయి.

మార్చి వచ్చింది. ఈసారి వాడకట్టులో ఆరుగురు కలిసి మినుములు కొన్నారు. ఒకరి డాబా మీద ఎండబోశారు. వంతులవారీగా కాపలా ఉన్నారు. వదిన తన వంతు మినుములు మూడు చిన్న డబ్బాల్లో పోసింది. వేపాకు వేసింది. మూతలు బిగించింది. తర్వాత కూతురి పెన్సిలు తీసుకుని కూర్చుంది. మూడు కాగితాల మీద నెమ్మదిగా రాసింది. “ము” కొమ్ము దగ్గర కాసేపు ఆగింది. మళ్లీ రాసింది.

అతికించి, దూరంగా నిలబడి చదువుకుంది. “మినుములు.”

గుర్తుంచుకోండి

ఎండబెట్టి, చల్లార్చి, నిండా పోసి, మూత బిగించాలి.
పాతదాని మీద కొత్తది పొయ్యొద్దు.
బూజు పట్టింది తినొద్దు. పశువులకూ పెట్టొద్దు.
విషం సీసా వంటింట్లో ఉండొద్దు.
ప్రతి డబ్బా మీదా పేరు, తేదీ ఉండాలి.

మాట్లాడుకోండి

1. పోయిన ఏడాది మీ ఇంట్లో ఏ సరుకు పాడైంది? దాని ఖరీదు ఎంత? లెక్క వెయ్యండి.
2. మీ అమ్మమ్మ గింజలు ఎలా దాచేది? ఆమెను గానీ, ఊళ్లో పెద్దవాళ్లను గానీ అడిగి రాయండి.
3. ఇల్లు సర్దే పని ఆడవాళ్లదేనా? మగవాళ్లు, పిల్లలు ఏ పనులు చెయ్యవచ్చు?
4. ఈ రోజు ఇంటికి వెళ్లి మూడు డబ్బాలకు పేర్లు రాసి అతికించండి. రేపు వచ్చి ఏం రాశారో అందరికీ చెప్పండి.